పాఠం చెప్పని క్లాసు

దిల్‌సుఖ్‌నగర్‌లో మేం మేడమీది వాటాలో అద్దెకు దిగేనాటికి ఆ వీధికి ఇంకా పేరు పెట్టలేదు. ఎవరైనా దారి అడిగితే ఇసుక కుప్ప దాటాక మూడో ఇల్లు అని చెప్పేవాళ్లం. ఒక ఇల్లు పూర్తయి ఇంకో ఇంటికి పునాది పడగానే ఇసుక కుప్ప చోటు మారేది. దాంతో మా ఇంటి గుర్తు కూడా మారిపోయేది. ఎనభైల నడుమ సంగతి ఇది. మావారు బ్యాంకులో, నేను ఊరికి అవతలి కొసన ఉన్న ఒక వైద్య కళాశాలలో. మా అమ్మాయి రెండో తరగతి.

ఇంటివాళ్లు కింది వాటాలో ఉండేవారు. తరాలుగా అక్కడి రైతులు. ఎల్బీనగర్ అవతలి దాకా వాళ్ల చేలే ఉండేవట. మొదట జొన్న, ఆముదం, తర్వాత ద్రాక్షతోటలు, ఇప్పుడు ప్లాట్లు. ఇంటాయన పొద్దున్నే కొలత టేపు పట్టుకుని స్కూటరు మీద వెళ్లిపోయేవారు. ఇంటామెను నేను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను డాక్టరమ్మా అనేది. నేను మందులిచ్చే డాక్టరును కాదనీ, ఫిజియాలజీ చెబుతాననీ, అంటే గుండె, ఊపిరితిత్తులు, రక్తం ఎలా పనిచేస్తాయో పిల్లలకు పాఠం చెప్పడమే నా పననీ ఎన్నిసార్లు చెప్పినా, వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా మా మెట్లెక్కించేది.

పాఠం నేను బాగా చెబుతానని పేరుండేది. క్లాసులో నూటయాభై మంది. నేను మాట్లాడుతుంటే పెన్నుల చప్పుడు తప్ప ఇంకేం వినిపించేది కాదు. ఆ చప్పుడు నాకు ఇష్టంగా ఉండేది.

ఒకరోజు ప్రిన్సిపాల్‌గారు పిలిచి, హాలండ్‌లోని ఒక వైద్య విశ్వవిద్యాలయంతో మన కాలేజీకి ఒప్పందం కుదిరిందని చెప్పారు. ఇక్కడినుంచి ఒక అధ్యాపకుడు వెళ్లి మూడు నెలలు ఉండాలి. తర్వాత అక్కడినుంచి ఒకరు వచ్చి ఇక్కడివాళ్లకు శిక్షణ ఇస్తారు. అక్కడ లెక్చర్లు దాదాపు లేవట. రోగి కష్టం ఒకటి కాగితం మీద రాసి ఎనిమిది పదిమంది విద్యార్థుల ముందు పెడతారట. వాళ్లే ఆలోచించి, తమకు ఏం తెలియదో తేల్చుకుని, చదువుకుని వచ్చి మళ్లీ మాట్లాడుకుంటారట. నేను వింటూ నిలబడ్డాను. పెద్దవాళ్లను అడిగితే ఎవరూ ఒప్పుకోలేదని ఆయనే చెప్పారు. ఇరవయ్యేళ్లుగా పాఠం చెబుతున్న మనిషిని పాఠం చెప్పడం నేర్చుకు రమ్మంటే ఎవరికి నచ్చుతుంది? అలా వంతు నాదాకా వచ్చింది.

మెడిసిన్ ప్రొఫెసర్‌గారు వరండాలో ఎదురయ్యారు. కాలేజీ అంతా భయపడే మనిషి. పాతబస్తీలో పుట్టి పెరిగిన ఆయన, పాఠం ఇంగ్లీషులో చెప్పి తిట్లు మాత్రం తెలంగాణ తెలుగులో తిట్టేవారు. అప్పటికే కబురు విన్నట్టున్నారు.

"పో అమ్మా, పోయి చూసి రా" అన్నారు. "పాఠం చెప్పకుంట జీతం తీసుకునుడు ఎట్లనో మాకు గూడ జర నేర్పు."

నవ్వుతూనే అన్నారు గానీ, ఆ మాట విమానం దిగేదాకా నాతో వచ్చింది.

అక్కడ నేను చూసినవన్నీ రాయను. చలి, సైకిళ్లు, ఉడకబెట్టిన బంగాళాదుంపలు అందరూ రాసినవే. నన్ను కంగారు పెట్టింది ఒక చిన్న గది. గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిదిమంది విద్యార్థులు. వాళ్లతోపాటు ట్యూటర్ అనే అధ్యాపకుడు కూర్చుంటాడు గానీ చెప్పడు. మొదటి వారం నేను మూలన కుర్చీ వేసుకుని చూశాను. ఒక అమ్మాయి మూత్రపిండాల గురించి శుద్ధ తప్పు చెప్పింది. ట్యూటర్‌కు అది తప్పని తెలుసు. నాకూ తెలుసు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి ఇంకో కుర్రాడు, నువ్వు చెప్పినట్టే అయితే ఈ రోగికి కాళ్లు ఎందుకు వాచాయని అడిగాడు. ఆ అమ్మాయి తన మాట తనే వెనక్కి తీసుకుంది. అప్పటిదాకా నేను కుర్చీ అంచు పట్టుకునే ఉన్నానని గది బయటికి వచ్చాక తెలిసింది, వేళ్లు నొప్పి పుట్టి.

మూడో వారంలో నాకే ఒక గుంపును అప్పగించారు. ఆయాసంతో వచ్చిన ముసలాయన సమస్య. కాసేపు ఓర్చుకున్నాను. ఎవరో ఆక్సిజన్ గురించి తడబడ్డారు. ఇంకేముంది, లేచి బోర్డు దగ్గరికి వెళ్లాను. ఆపేసరికి బోర్డంతా బొమ్మలు. చక్కగా చెప్పాననే నమ్మకంతో వచ్చి కూర్చున్నాను. చివర్లో అందరూ ఆనాటి క్లాసు గురించి ఒక్కో మాట చెప్పడం అక్కడి రివాజు. ఒక కుర్రాడు, చాలా మర్యాదగా, ఇలా అన్నాడు.

"మీ లెక్చర్ చాలా బాగుంది. కానీ ఇప్పుడు మేం వెతుక్కోవడానికి ఏం మిగల్లేదు."

నాకు శిక్షణ ఇస్తున్న డాక్టరుగారు వెనక కూర్చుని ఉన్నారు. యాభై దాటినావిడ, పొడుగరి, పిల్లల వైద్యురాలు. కాంటీనుకు తీసుకెళ్లి కాఫీ ఇప్పించి, తనకు ఊరుకోవడం అలవాటు కావడానికి రెండేళ్లు పట్టిందని చెప్పారు. మొదట్లో నోట్లో పిప్పరమెంటు పెట్టుకుని కూర్చునేవారట, మాట బయటికి రాకుండా. ఒప్పందం ప్రకారం హైదరాబాదు రావలసింది ఆవిడే అని అప్పుడే తెలిసింది.

వానలు వెనకబట్టాక ఆవిడ వచ్చారు. కాలేజీ గెస్ట్‌హౌస్‌కు రిపేర్లు జరుగుతున్నాయి. ఒక పదిరోజులు మా ఇంట్లో ఉంటారా అని అడిగాను. వచ్చినావిడ పని అయ్యేదాకా మా ముందు గదిలోనే ఉండిపోయారు. మా అమ్మాయి హాలండ్ ఆంటీ అని పిలిచేది. నాలుగు రోజుల్లో వీధంతా అదే పేరు. ఇంటామె మొదటిరోజే పైకి వచ్చి, తలనుంచి కాళ్లదాకా చూసి, "గీమెకు కారం పడ్తదా?" అని నన్ను అడిగింది. పడదన్నాను. అయినా మర్నాడు జొన్నరొట్టె, పచ్చిపులుసు పంపింది. హాలండ్ ఆంటీ కళ్లనీళ్లు తుడుచుకుంటూ తిన్నారు, ఇంకో రొట్టె కూడా అడిగారు.

మా పని అధ్యాపకులకు శిక్షణ. శనివారం మధ్యాహ్నాలు ఏడెనిమిదిమందిని ఒక గదిలో కూర్చోబెట్టాలి. వాళ్లకు మళ్లీ లెక్చరు ఇవ్వడం కాదు, వాళ్లనే విద్యార్థులుగా చేసి ఒక సమస్య ఇవ్వాలి. ఆవిడ వెంట తెచ్చిన సమస్యల్లో మొదటిది, మంచు మీద సైకిలు జారి పడిన డెబ్బై ఏళ్ల ముసలావిడ గురించి. నేను చదివి పక్కన పెట్టేశాను. ఇక్కడి సమస్య రాయాలి. ఏం రాయాలో తెలియక డాబా మీద కూర్చుని ఉండగా ఇంటామె ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వచ్చింది. మాటల్లో తమ్ముడింటి సంగతి ఎత్తింది. ఆమె తమ్ముడు ఎల్బీనగర్ అవతల, తమ పాత చేలోనే వేసిన కాలనీలో ఉండేవాడు.

"మా తమ్ముని గల్లిల ఇంటికొకరు కామెర్లతోని పండుకున్నరు, డాక్టరమ్మా. పసరు పోయించుకొని ఒస్తున్నరు. ఒకరికి తగ్గంగనే ఇంకొకరికి."

నేను ఇంగ్లీషులో చెప్పాను. హాలండ్ ఆంటీ ప్రశ్నలు మొదలుపెట్టారు. ఎప్పటినుంచి? పిల్లలకా, పెద్దలకా? పక్క గల్లీలో కూడా ఉందా? నేను అటు తెలుగు చేసి ఇటు ఇంగ్లీషు చేసి అలిసిపోయాను. ఇంటామె బట్టలు భుజాన వేసుకుని, "గీమె డాక్టరా, పోలీసా?" అంటూ కిందికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే మా సమస్య రాసుకున్నాం. కొత్త కాలనీలో కాపురం పెట్టిన ఇరవైరెండేళ్ల అమ్మాయి. ఏడో నెల. జ్వరం, వాంతులు, కళ్లు పచ్చబడ్డాయి. ఆ గల్లీలో ఇంకొందరికీ కామెర్లు ఉన్నాయి. పసరు తాగించమంటారా అని అత్తగారు అడుగుతోంది. అంతే. గర్భిణి అని రాద్దామన్నది నేనే. అమ్మాయిని మేం కల్పించాం. నీళ్ల వల్ల వచ్చే ఈ కామెర్లు మామూలు మనిషికి నాలుగు వారాల బాధ, నిండు గర్భిణికి ప్రాణగండం. అది అధ్యాపకులందరికీ తెలిసిన సంగతే.

మొదటి శనివారం మెడిసిన్ ప్రొఫెసర్‌గారు ప్రిన్సిపాల్ మాట కాదనలేక వచ్చారు. అందరికంటే చివర వచ్చి తలుపు దగ్గర కూర్చున్నారు. కాగితం చదివి బల్లమీద పెట్టేశారు. కాలేయానికి వైరస్ సోకిందనీ, నీళ్లవల్ల వచ్చిందనీ, తల్లి ప్రాణానికి ముప్పు ఉందనీ, వెంటనే ఆసుపత్రిలో చేర్చాలనీ ఇంగ్లీషులో గబగబా చెప్పి, ఇంక చర్చించడానికి ఏముందన్నారు. మిగతావాళ్లు తలలూపారు. ఆయన చెప్పాక ఎవరు మాట్లాడతారు?

హాలండ్ ఆంటీ కూడా తల ఊపారు. తర్వాత మెల్లగా, ఆ గల్లీకే ఎందుకు వచ్చిందని అడిగారు.

నీళ్లు కలుషితమయ్యాయి కాబట్టి అన్నారాయన.

ఎలా కలుషితమయ్యాయి?

మురుగు కలిసి ఉంటుంది.

పైపులో నీళ్లు లోపలినుంచి బయటికి తోస్తూ ఉంటాయి కదా, బయటి మురుగు లోపలికి ఎలా వెళ్లింది?

ఎవరో దగ్గారు. ఆయన్ను విద్యార్థులు ప్రశ్న అడగడమే నేనెన్నడూ చూడలేదు, ఆయన జవాబు చెప్పలేకపోవడం సరేసరి. కోపం వస్తుందనుకున్నాను. ఆయన కాగితాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుని, మొదటిసారి చదువుతున్నట్టు చదివారు.

"నాకు తెలవది" అన్నారు, తెలుగులో. ఇంగ్లీషులో కూడా చెప్పారు, ఆవిడకు అర్థం కావాలని. తర్వాత నావైపు తిరిగి, "గీ గల్లి నిజంగ ఉన్నదా, మీరు పుట్టించిన్రా?" అని అడిగారు.

గల్లీ ఉంది, అమ్మాయిని మాత్రం మేం కల్పించామన్నాను.

"అయితే చూసొద్దాం పట్టు" అన్నారు.

ఆదివారం వస్తామన్నవాళ్లలో చివరికి ముగ్గురం మిగిలాం. ఆయన, హాలండ్ ఆంటీ, నేను. ఆయన మలక్‌పేటలో బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో మాకోసం కిటికీలోంచి చెయ్యి ఊపారు. చేతిలో గొడుగు, కాళ్లకు క్లాసుకు వేసుకొచ్చే మెరుగు బూట్లే. ఎల్బీనగర్ చౌరస్తాలో దిగి కాస్త నడవాలి. రోడ్డుకు అటూ ఇటూ సగం లేచిన గోడలు, నిలబెట్టిన ఇనుప చువ్వలు. ఒక ఖాళీ ప్లాటులో ద్రాక్ష పందిరి రాళ్లు మాత్రం వరసగా మిగిలి ఉన్నాయి, పందిరి లేకుండా. ఇంటామె తమ్ముడు ఎదురొచ్చి గల్లీలోకి తీసుకెళ్లాడు.

చూడటానికి అంత అధ్వానంగా లేదు. ఇళ్లు కొత్తవి, గుమ్మాలకు తోరణాలు కూడా ఉన్నాయి. ఇంటి ముందే సెప్టిక్ ట్యాంకులు, వాటిమీద కడప రాళ్లు. మురుగు కాలవలు ఇంకా రాలేదు. గల్లీ నడుమ ఒక నల్లా. దాని చుట్టూ నడుములోతు గుంట తవ్వి ఉంది. దిగడానికి రెండు మెట్లు. గుంట అడుగున బురదనీళ్లు.

ఎందుకు తవ్వారని అడిగాను. నీళ్లు పైకెక్కవని చెప్పాడు తమ్ముడు. పైపులో జోరు లేదు. ఎంత కిందికి కోస్తే అంత బాగా వస్తాయి. అందుకని పైపును కిందికి కోసి, గుంటలో బిందె పెట్టి పడతారు. వానలకు సెప్టిక్ ట్యాంకుల నీళ్లు కూడా పొంగి వచ్చి ఆ గుంట నిండిపోతుంది. అప్పుడు పైపు మూతి నీళ్లలో మునుగుతుంది. నీళ్లు కట్టేయడానికి దానికి తిప్పు కూడా లేదు, ఎవరో తీసుకుపోయారు.

మరి నీళ్లు ఆగిపోయాక ఏమవుతుందన్నాను.

"ఏమైతది? గుంటల నీళ్లు గూడ జర తగ్గుతయి" అన్నాడతను.

ప్రొఫెసర్‌గారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పల్లంలో ఉన్న కాలనీలవాళ్లు పైపులో మిగిలిన నీళ్లు లాగేసుకుంటుంటే, మిట్టన ఉన్న ఈ పైపు ఖాళీ అవుతూ గుంటలోని మురుగును లోపలికి పీలుస్తోంది. మర్నాడు మొదటి బిందెలో వచ్చేది అదే. ఛాతీలో ఒత్తిడి తగ్గితే గాలి లోపలికి ఎలా వస్తుందో ఏటా బోర్డు మీద గీసి చెప్పేదాన్ని నేను. ఇక్కడ అదే పని ఒక ఇనుప గొట్టం చేస్తోంది. ప్రొఫెసర్‌గారు గొడుగు నాకిచ్చి, బూట్లతోనే ఒక మెట్టు దిగి, వంగి చూశారు.

ఆ గుంట పక్కనే ఉన్న ఇంట్లోంచి ఒకమ్మాయి బిందెతో వచ్చింది. నిండు చూలాలు. కాగితం మీద మేం రాసుకున్న అమ్మాయి నడిచి వచ్చినట్టుంది. కళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. హాలండ్ ఆంటీ దగ్గరికి వెళ్లి, నవ్వి, ఆ కళ్లలోకే పరీక్షగా చూడటం నేను గమనించాను.

వాళ్లది పోచంపల్లి దగ్గర ఊరు. మగ్గం మీద బతికిన ఇల్లు. కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పనికి కుదిరాక ఇక్కడ రెండు గదులు కట్టుకున్నారు. అత్తగారు లోపలినుంచి వచ్చి మాకు మంచం వాల్చింది. ప్రొఫెసర్‌గారు నిలబడే మాట్లాడారు. ఈ నీళ్లలో రోగం ఉందని, కోడలికి వస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదమని, నీళ్లు మరగబెట్టి చల్లార్చి తాగాలని, వీలైతే కాన్పయ్యేదాకా అమ్మాయిని ఇక్కడినుంచి పంపించాలని చెప్పారు. ఎంత వివరంగా చెప్పారంటే, రాసుకుంటే పరీక్షలో మంచి మార్కులు వచ్చేవి.

ఆమె అంతా విన్నది.

"సారు చెప్పింది బాగనే ఉన్నది" అంది. "గిన్ని నీళ్లు కాగపెట్టాలంటే కట్టెలెక్కడియి సారూ? కిరసనాయిలుకు లైన్ల నిలవడాలె. పిల్లను ఇప్పుడే పంపితే నాకు చేతికింద ఎవరున్నరు? కామెర్లంటే దిష్టి తగిలినట్టే, ఒస్తది పోతది."

ఆయన మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి గొంతు పెంచి. ఆమె మొహం ముడుచుకుపోయింది. ఔను సారూ, అట్లనే సారూ అంటోంది. ఆ మొహం నాకు తెలుసు. నా క్లాసులో చివరి బెంచీల మొహం. ఆ హాలండ్ కుర్రాడు గుర్తొచ్చాడు. ఏం చెయ్యాలో నాకు తెలుసని కాదు, ఇంకేం తోచక అడిగాను.

"అమ్మా, మీ గల్లీలో ఎవరెవరికి వచ్చాయి కామెర్లు?"

ఆమెకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. చెయ్యి చాపి ఒక్కో ఇల్లూ చూపించింది. ఈ ఇంట్ల పెద్దోడికి, గా ఇంట్ల తల్లికి, ఎదురింట్ల ఇద్దరికి. ఎవరికి ముందొచ్చింది, ఎవరు ఎక్కడ పసరు పోయించుకున్నారు, అన్నీ.

"మరి ఎవరికి రాలేదు?"

ఈసారి ఆలోచించింది. "మూలకున్న మేస్త్రీ ఇంట్ల రాలె. వాళ్ల పక్కింటోళ్లకు గూడ రాలె."

"వాళ్లు ఏ నీళ్లు తాగుతారు?"

"గా పాత మోటబాయి నీళ్లు. గింత దూరం నల్లాకాడికి ఎవరొస్తరని, బాయిలనే చేదుకుంటరు." అని ఆగింది. గుంటవైపు చూసింది. మళ్లీ మూలకున్న ఇంటివైపు చూసింది.

ప్రొఫెసర్‌గారు నోరు తెరవబోయారు. హాలండ్ ఆంటీకి మా భాష ఒక్క ముక్క రాదు, అయినా ఆయనవైపు చూసి చిన్నగా తల అడ్డంగా ఊపారు. ఆయన ఆగిపోయారు. నాకూ నాలుక చివర జవాబు ఉంది. ముగ్గురం ఊరుకున్నాం. ఎక్కడో కాంక్రీటు కలిపే మిషను తిరుగుతున్న చప్పుడు.

"అంటే మంచిగ కనవడ్డ నీళ్లే చెడ్డయన్నట్టు" అంది ఆమె, తనతో తనే మాట్లాడుకుంటున్నట్టు. తర్వాత కోడలివైపు తిరిగి, "బిందె దించు. పొద్దుగాల మీ అమ్మగారింటికి పోదువు" అంది.

"గింత తొందరగనా అత్తమ్మా?" అంది ఆ పిల్ల.

"ఆడ మీ ఇంట్ల బాయి ఉన్నది గద."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ప్రొఫెసర్‌గారు కిటికీ పక్కన కూర్చున్నారు. బూట్లకు బురద ఎండిపోయింది. కొత్తపేట దాటాక, ఈ రోగం ఒంట్లోకి వెళ్లాక బయటపడటానికి వారాలు పడుతుందని, ఆ పిల్ల ఇప్పటికే ఆ నీళ్లు తాగి ఉందని అన్నారు. నాకూ అదే భయం. హాలండ్ ఆంటీకి చెబితే ఆవిడ అవునని మాత్రం అన్నారు.

ఆ తర్వాత జరిగింది నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ చీరల షాపు ముందునుంచి వస్తుంటే లోపల ప్రొఫెసర్‌గారు కనిపించారు. పరుపు మీద కూర్చుని ఉన్నారు, ముందు పోచంపల్లి చీరలు పరిచి ఉన్నాయి. నన్ను చూసి ఇబ్బంది పడ్డారు. కాలేజీనుంచి ఇంటికి వెళ్తూ, మలక్‌పేటలో దిగకుండా వారానికోసారి ఇక్కడిదాకా వస్తున్నారట, ఆ అమ్మాయి భర్తను భార్య ఎలా ఉందని అడగడానికి. ఊరికే అడిగి వెళ్లిపోతే ఆ కుర్రాడు భయపడతాడేమోనని ముందు చీరలు చూపించమనేవారట. కొనక తప్పేది కాదు. ఇంట్లో ఆవిడ, ఈయనకు ఈ వయసులో చీరల పిచ్చి ఏమిటని ఆశ్చర్యపోతున్నారట. ఆ మాట చెప్పి తనే నవ్వారు. కాలేజీలో ఆయన నవ్వగా చూసింది తక్కువ.

ఆ అమ్మాయికి కామెర్లు రాలేదు. పుట్టింట్లోనే కాన్పయింది. ఆడపిల్ల. షాపులో కుర్రాడు ప్రొఫెసర్‌గారికి మిఠాయి పొట్లం ఇస్తే ఆయన అది కాలేజీకి తెచ్చి, శనివారం క్లాసులో బల్ల మధ్యన పెట్టి, ఏమీ చెప్పకుండా కూర్చున్నారు. గల్లీలో ఆ అత్తగారు ఇంటింటికీ తిరిగి తాగేనీళ్లు బావివే పట్టుకోమని చెప్పిందని మా ఇంటామె ద్వారా విన్నాను. గుంట మాత్రం పూడ్చలేదు, వాడకం నీళ్లకు అదే దిక్కు. ఆ బావిని పూడ్చి ప్లాటు చేసి అమ్మడానికి అప్పటికే బేరం కుదిరి ఉందట. ఇంటామె తమ్ముడు ఆ ఏడాదికి ఆపాడు. తర్వాత మురుగు కాలవలు, పెద్ద పైపు వచ్చాక పూడ్చేశారు. దాని మీద ఇప్పుడు మూడంతస్తుల ఇల్లుంది.

హాలండ్ ఆంటీ వెళ్లేలోపు మేం ఒక బ్యాచ్ విద్యార్థులతో ప్రయత్నించాం. ఇదే సమస్య ఇచ్చాం, గల్లీ సంగతి చెప్పకుండా. మొదటి గంట వాళ్లు మా మొహాలే చూశారు. ఒకతను లేచి, "మేడమ్, ఇది ఎగ్జామ్‌లో వస్తుందా?" అని అడిగాడు. రాదని నిజమే చెప్పాను. విశ్వవిద్యాలయం పరీక్ష పాత పద్ధతిలోనే ఉంది, దాన్ని మార్చడం మా చేతుల్లో లేదు. సగంమంది రెండోసారి రాలేదు. వచ్చిన సగంమంది మాత్రం సాయంత్రం చీకటి పడుతున్నా లేవలేదు. వాళ్లలో ఒకమ్మాయి అడిగిన ప్రశ్నకు ఆ గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు, హాలండ్ ఆంటీ దగ్గర కూడా. గర్భిణులకే ఇది ఎందుకు ఇంత ప్రమాదమవుతుంది? ఆవిడ పుస్తకాల సంచీ అంతా వెతికి, తెలియదని చెప్పారు. ఆ అమ్మాయి గర్వంగా కూర్చుంది.

ఆవిడ వెళ్లేరోజు ఇంటామె ఒక సీసాలో చింతకాయ పచ్చడి, కారం తగ్గించి, కట్టి ఇచ్చింది. విమానాశ్రయంలో నేను ఆవిడకు, మా దగ్గర ఈ పద్ధతి నిలబడుతుందో లేదో చెప్పలేనన్నాను. ఆవిడ ధైర్యం చెబుతారనుకున్నాను. ఎందుకు నిలబడదనుకుంటున్నారని అడిగారు. అన్నీ చెప్పాను. పరీక్షలు, గదులు లేకపోవడం, ఒక్కో గుంపుకు ఒక్కో అధ్యాపకుడు దొరకకపోవడం, పెద్దవాళ్ల అయిష్టం. నేను చెబుతుండగానే పిలుపు వచ్చింది.

నిలబడలేదు. రెండేళ్లు నడిచింది. ప్రిన్సిపాల్‌గారు బదిలీ అయ్యాక కొత్తాయన ఆ గదిని స్టోర్‌రూమ్ చేశారు. ప్రొఫెసర్‌గారు మాత్రం వార్డు పక్కనున్న చిన్న గదిలో వారానికో మధ్యాహ్నం ఏడెనిమిదిమందిని కూర్చోబెట్టుకునేవారు, రిటైరయ్యేదాకా. ఒకసారి తలుపులోంచి తొంగిచూశాను. ఒక కుర్రాడు ఏదో ఘోరమైన తప్పు ధీమాగా చెబుతున్నాడు. ప్రొఫెసర్‌గారు పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని, ఎర్రబడిన మొహంతో నేలకేసి చూస్తున్నారు.

నేను మళ్లీ నూటయాభై మంది ముందుకే వెళ్లాను, ఇంకా చాలా ఏళ్లు. పాఠం చెప్పడం మానలేదు, మానడం సాధ్యం కాలేదు. గంట నడుమ ఒకచోట మాత్రం ఆపి, జవాబు లేకుండా ఒక ప్రశ్న వదిలేదాన్ని. పెన్నులు ఆగేవి. ముందు వరసవాళ్లు తాము రాసుకున్నదాంట్లో వెతికేవారు, దొరకక నావైపు చూసేవారు. నేను సుద్దముక్క పట్టుకుని నిలబడేదాన్ని. ఆ కాసేపు నాకెప్పుడూ కష్టంగానే ఉండేది. ఒక్కోసారి గంట మోగేదాకా ఎవరూ మాట్లాడేవారు కాదు, నేను ఓడిపోయి జవాబు చెప్పేసేదాన్ని. ఒక్కోసారి వెనకబెంచీలో ఎవరో, లేవాలా వద్దా అనుకుంటూ, సగం లేచేవారు.